ఏ నెలలో ఇస్తున్నారు?

గద్వాల నడిగడ్డలో సీడు పత్తికి క్రాసింగ్ మొదలయ్యేది ఆగస్టులో. దసరా దాటేదాకా ఆ పని సాగుతుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఒలిచి పుప్పొడి తిత్తులు తీసేయాలి. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్క రోజు తప్పినా ఆ రోజు పువ్వులు దండగే. కాబట్టి చేనుకు రోజూ మనుషులు కావాలి. మొక్క ఎత్తు పిల్లల భుజానికి సరిపోతుందనీ, సన్నటి వేళ్లకు పని తొందరగా తెములుతుందనీ ఆడపిల్లలను పిలుస్తారు. సరిగ్గా అవే నెలల్లో గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ వైపు బడుల్లో హాజరు పట్టీ పలచబడుతుంది.

మన దాతలు బడికి వచ్చే రోజులు వేరు. జూన్‌లో నోటుపుస్తకాలు పట్టుకొని వస్తారు. పంద్రాగస్టుకు మిఠాయిలు, జనవరి 26కు బహుమతులు ఇస్తారు. పదో తరగతి ఫలితాలు వచ్చాక మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు శాలువా కప్పి చెక్కు ఇస్తారు. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. కానీ పిల్ల బడి వదిలే నెలకూ దాత జేబులో చేయి పెట్టే నెలకూ పొంతన కుదరడం లేదు. చదువుకు సాయం చేయాలని మీకు మనసుంటే ముందు ఆ పొంతన కుదుర్చుకోండి. ఎంత ఇవ్వాలన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు దాకా ఒకే పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం ఉంటే, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అది 49.87 శాతం. అంటే చదవడం వచ్చినవాళ్లు సగం కూడా లేరు. ఆ లెక్కలో అక్షరం రానివాళ్లుగా నమోదైన తల్లుల పిల్లలే ఇప్పుడు మన బడుల్లో ఉన్నారు. ఇంట్లో హోంవర్కు చూసేవాళ్లుండరు, ఫారం నింపేవాళ్లుండరు, ఆఖరు తేదీ గుర్తు చేసేవాళ్లుండరు. ఈ నేలలో పేదరికమంటే చేతిలో పైసలు లేకపోవడంతో అయిపోదు. ఇదంతా దానిలోదే.

ఇక్కడ ఇచ్చే చేతులు ఎప్పుడూ ఉన్నాయి. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన డిప్లొమా ఇంజనీర్లు రాష్ట్రమంతటా కనిపిస్తారు. గద్వాల కోట లోపల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెంలో, జనం పాలెం సుబ్బయ్య అని పిలుచుకున్న తోటపల్లి సుబ్రహ్మణ్యం పూనికతో ప్రాచ్య కళాశాల వెలిసింది. పాలమూరు చరిత్రను ఊరూరా తిరిగి రాసిపెట్టిన కపిలవాయి లింగమూర్తి ఆ కళాశాలలోనే తెలుగు పాఠం చెప్పారు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువగా తలుచుకునేది 1918లో హైదరాబాదులో మొదలైన రెడ్డి హాస్టలును. పాలమూరు నేల మీద రాయణిపేటలో పుట్టి, తర్వాత హైదరాబాదు కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి పూనుకున్నారు. కలిగినవాళ్ల విరాళాలతో అది నిలబడింది. ఇప్పటి గద్వాల జిల్లా ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి ఆ హాస్టలు బాధ్యతలు చూశారు, దానికొక మంచి గ్రంథాలయం సమకూర్చారు. ఆ రోజుల్లో పల్లె పిల్లవాడు పట్నం వచ్చి చదవాలంటే బడి ఫీజు కన్నా పెద్ద చిక్కు తిండి, పడక. ఎవరి ఇంట్లో ఉండాలి? ఎన్నాళ్లుండాలి? హాస్టలు పెట్టినవాళ్లు ఆ ఒక్క చిక్కు విప్పారు. పిల్లవాడి చదువు ఎక్కడ తెగుతుందో సరిగ్గా అక్కడ డబ్బు పెట్టారు. వందేళ్ల తర్వాత కూడా దాతలు నేర్చుకోదగిన తెలివి అది.

ఆ కాలపు దాతృత్వానికి ఉన్న హద్దునూ చెప్పాలి. హాస్టళ్లు కులాల పేరున వచ్చాయి. సంస్థానాల డబ్బు, భూస్వాముల డబ్బు ఎక్కువగా వాళ్ల వాళ్ల పిల్లల వైపే పారింది. దళిత పిల్లలకు హైదరాబాదులో 1910 నుంచి బడులు తెరిచింది భాగ్యరెడ్డి వర్మ. కలిగినవాళ్ల అండ తక్కువగా ఉన్న చోట, వాడవాడకూ తిరిగి బడులు నడిపారాయన. ఈ రోజుకీ మన చందాల్లో కొన్ని కులసంఘాల ప్రతిభా పురస్కారాలకే పోతున్నాయి. మీ సంఘానికి ఇస్తూనే ఉండండి, అది మీ ఇష్టం. కానీ మీ ఊళ్లో చదువు మానేసే ప్రమాదం అందరికన్నా ఎక్కువున్న పిల్ల మీ సంఘంలో ఉండదు. ఆమె ఇల్లు ఏ వాడలో ఉందో మీకు తెలుసు.

చదువు తెగే చోట్లు

పిల్లలు చదువు మానేసేది ఉన్నట్టుండి కాదు. కొన్ని మలుపులున్నాయి, అక్కడే జారిపోతారు. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి అయిపోతుంది, హైస్కూలు మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది. అది మొదటి మలుపు. ఆరు నుంచి ఎనిమిది మధ్య, చేతికి పని వచ్చే వయసు మరొకటి. పదో తరగతి తప్పిన వేసవి ఇంకొకటి. ఇంటర్ అయ్యాక సీటు వచ్చిన వారం ఆఖరిది. ఆ వారంలో ఇంట్లో డబ్బుండదు.

మధ్యలో వలస ఒకటి ఉంది. పాలమూరు లేబర్ అన్న మాట ముంబయి నుంచి బెంగళూరు దాకా కట్టుబడి పనుల్లో అందరికీ తెలిసిందే. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని తల్లిదండ్రులు పండుగ చేసుకొని బయల్దేరతారు. పిల్ల వాళ్లతో పోతుంది, లేదంటే ముసలవ్వ దగ్గర ఉంటుంది. అవ్వ దగ్గర ఉన్న పిల్లే వంట చేయాలి, అవ్వను చూసుకోవాలి. సాయం చేయాలనుకునేవాళ్లు ఈ ఇంటిని గుర్తుపట్టాలి. ఇక్కడ కావలసింది నోటుపుస్తకాలు కాదు, ఆర్నెల్ల పాటు అవ్వ ఇంట్లోకి బియ్యం, పప్పు, నూనె. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఇది తేలిగ్గా జరిగే పని. దగ్గరలో సీజనల్ హాస్టలు నడుస్తుంటే ఇంకా మంచిది, పిల్లను అక్కడ చేర్చే బాధ్యత తీసుకోండి.

నల్లమలలో, అమ్రాబాద్, మన్ననూరు వైపు చెంచు పిల్లల సంగతి వేరు. ఆశ్రమ పాఠశాలలో తిండి, బట్ట, పడక అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. పండుగ సెలవులకు పెంటకు, అంటే తమ గూడేనికి, పోయిన పిల్ల తిరిగి రాదు, అక్కడ తెగుతుంది చదువు. సెలవులు అయిపోయిన మర్నాడు టీచరుతో కలిసి పెంటల దాకా పోయి పిల్లలను వెంటబెట్టుకు రావడానికి ఒక బండి కిరాయి చాలు. దానికి ఏ పద్దులోనూ డబ్బుండదు.

మొదట నేర్చుకోవలసిన సూత్రం ఇదే. ప్రభుత్వం ఇస్తున్నదాన్ని మళ్లీ ఇవ్వకండి. పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం బడిలోనే అందుతాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు కట్టే పని లేదు. తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు ప్రభుత్వం చేయవలసిన పనులు. 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ‘మన ఊరు - మన బడి’ని ప్రారంభించింది వనపర్తిలోనే. 26 వేలకు పైగా బడులకు 7,289 కోట్ల రూపాయల అంచనాతో వేసిన పథకం అది. అంత డబ్బు మామూలు మనిషి దగ్గర ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గోడకు రంగు వేయించే ముందు ఆగి ఒకసారి అడగండి: ఈ బడిలో ఏ ఖర్చుకు ప్రభుత్వ కాగితం లేదు?

జవాబులు చిన్నవిగా ఉంటాయి. బస్సు రాని ఊరి నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆటో కిరాయి. పదో తరగతి వాళ్లకు సంక్రాంతి తర్వాత సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడతారు. ప్రభుత్వ అల్పాహారం అందని రోజుల్లో, మధ్యాహ్నం తిన్న పిల్లలు ఆరు గంటల దాకా కడుపు మాడ్చుకొని కూర్చుంటారు. నలభై మంది పిల్లలకు తలకు 15 రూపాయల చొప్పున గుగ్గిళ్లో అటుకులో పెడితే రోజుకు 600. నలభై రోజులకు 24 వేలు. పది మంది పాత విద్యార్థులు తలా 2,400 వేసుకుంటే ఒక బడి పదో తరగతి మొత్తం ఆ సీజను దాటేస్తుంది. ఈ లెక్క పక్కన, బడి ముందు కట్టించే స్వాగత తోరణం ఖర్చు పెట్టి చూసుకోండి.

సీడు పత్తి సంగతి ఇంత తేలిక కాదు. అక్కడ మీ సాయం పోటీ పడేది కూలితో. వేసవిలోనే రైతు విత్తన కంపెనీ మధ్యవర్తి అయిన సీడ్ ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. కూలి ఇల్లు రైతు దగ్గర తీసుకుంటుంది. ఆగస్టు వచ్చేసరికి ఆ పిల్ల చేతులు అప్పటికే బాకీలో ఉంటాయి. ‘పొల్లని బడికి తోలితే బాకీ ఎట్ల తీరుస్తం సారూ’ అనే తల్లికి చదువు విలువ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఆమెకు ఆ విలువ మీకన్నా బాగా తెలుసు. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడం చట్టప్రకారం నేరం. ఎవరైనా 1098కి ఫోను చేయవచ్చు, చేయాలి కూడా. కానీ ఫోను చేసి ఊరుకుంటే పిల్ల వారం రోజులు బడికి వచ్చి మళ్లీ చేనుకు పోతుంది. నిలబడే దారి, ఆ పిల్లను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలోనో గురుకులంలోనో చేర్చడం. బడి మానేసిన ఆడపిల్లల కోసమే కస్తూర్బాలు పుట్టాయి. చదువు ఉచితం, తిండి ఉచితం. మీ ఖర్చు ఒక ట్రంకు పెట్టె, దుప్పటి, చెప్పులు, మీసేవలో ఆదాయ, కుల పత్రాలు, నెలకోసారి తల్లి పోయి చూసి రావడానికి దారి ఖర్చు. చేర్చవలసింది జూన్‌లో. క్రాసింగ్ మొదలయ్యాక ఎవరూ పిల్లను వదలరు.

రెండేళ్లు బడికి దూరమైన పిల్లను తీసుకెళ్లి ఏడో తరగతిలో కూర్చోబెడితే పాఠం అర్థం కాక వారంలో మళ్లీ ఇంటికొస్తుంది. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో ముప్పై ఏళ్ల కిందటే దీనికి దారి చూపింది. పనిలోంచి వచ్చిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, చదవడం, రాయడం, లెక్కలు నేర్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చేవాళ్లు. ఆమెకు 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. అంత పెద్ద శిబిరం మనవల్ల కాకపోవచ్చు. డిగ్రీ చదువుతున్న ఊరి అమ్మాయికి నెల జీతం ఇచ్చి, రోజూ రెండు గంటలు ఆ నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెప్పించడం మనవల్ల అవుతుంది. ఇద్దరికీ మేలు.

మూడో వంతు దాచండి

సాయం ఏ నెలలో అందాలన్న మాటకు మంచి రుజువు దక్షిణ అమెరికాలో ఉంది. కొలంబియా రాజధాని బొగోటాలో 2005లో పేద పిల్లలకు బడికొస్తే డబ్బిచ్చే పథకం పెట్టారు. కొందరికి మొత్తం ఎప్పటికప్పుడు ఇచ్చారు. మరికొందరికి మూడింట రెండు వంతులే ఇచ్చి, మిగిలింది దాచి, మరుసటి ఏడాది తరగతిలో పేరు రాయించుకునే వేళ ఒక్కసారిగా ఇచ్చారు. ఇచ్చిన సొమ్ము ఒకటే. రోజూ బడికి రావడంలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. మరుసటి ఏడాదికి చదువు కొనసాగించడంలో మాత్రం దాచి ఇచ్చిన గుంపు ముందుంది.

దీన్ని మన దగ్గరికి తెచ్చుకుందాం. మీరు ఒక పిల్లకు నెలకు 600 ఇవ్వగలరనుకోండి. 400 నెలనెలా తల్లి ఖాతాలో వేయండి. 200 మీ దగ్గరే ఉంచండి. పది నెలలకు 2,000 అవుతుంది. అది జూన్‌లో, బడి తెరిచే వారంలో, పిల్ల కొత్త తరగతిలో పేరు రాయించుకున్నాక ఇవ్వండి. తల్లికి ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి. జూన్‌లో డబ్బు వస్తుందని తెలిసిన ఇల్లు, వేసవిలో ఆ పిల్ల పేరు మీద అడ్వాన్సు తీసుకునే ముందు ఒకసారి ఆలోచిస్తుంది.

ఆడపిల్లకు, పై తరగతికి పోయిన కొద్దీ కొంచెం పెంచుకుంటూ పోండి. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం అలాగే చేసింది. పై తరగతులకు ఎక్కువ, హైస్కూలు ఆడపిల్లలకు ఇంకొంచెం ఎక్కువ, డబ్బు తల్లి చేతికి. పిల్ల పెరిగేకొద్దీ బయట ఆమెకు వచ్చే కూలి పెరుగుతుంది. సాయం మాత్రం మూడో తరగతిలో ఎంతో పదో తరగతిలోనూ అంతే ఉంటే, పోటీలో ఓడిపోతుంది.

ఎన్నాళ్లు? ఇంటర్ రెండో ఏడాది అయ్యేదాకా. మధ్యలో ఆపే మాటుంటే మొదలుపెట్టకపోవడమే నయం. మాట నిలబడాలంటే మొత్తం చిన్నదిగా పెట్టుకోండి. స్వీడన్‌లో హిల్డే బ్యాక్ అనే బడి టీచరు, ఎన్నడూ చూడని కెన్యా పల్లెటూరి పిల్లవాడికి టర్ముకు పదిహేను డాలర్ల పాటి సొమ్ము కట్టింది. ఆ పిల్లవాడు క్రిస్ మ్బురు పెద్దయ్యాక హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్య సమితిలో మానవ హక్కుల న్యాయవాది అయ్యాడు. ఆమె పేరు మీదే నిధి పెట్టి తన దేశపు పిల్లలను చదివించాడు. ఆమె ధనవంతురాలు కాదు. తప్పకుండా కట్టింది, అంతే.

ఎనిమిదో తరగతి పిల్లను తీసుకుంటే ఇంటర్ ముగిసేసరికి సరిగ్గా ఐదేళ్లు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ గడువు కూడా ఐదేళ్లే, నెలకు 100 నుంచి వేయవచ్చు. మీ పేరు మీదే ఒక ఆర్డీ తెరిచి నెలకు 500 వేయండి. పిల్ల ఇంటర్ రాసే ఏడాదికి అసలే 30 వేలవుతుంది. ఇంజనీరింగు, నర్సింగు, డిగ్రీ, ఏదైనా సరే, సీటు వచ్చిన వారంలో కట్టవలసిన డబ్బు కోసం వడ్డీకి తిరగనక్కర లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా, బకాయిలు పేరుకుపోయి, ముందు మీరు కట్టండి తర్వాత ఇస్తామనే కాలేజీలున్నాయి. సర్టిఫికెట్లు తీసుకోవడానికీ అదే మాట. ఇలాంటి చోట దానం కన్నా చేబదులు మంచిది. వడ్డీ లేకుండా ఇవ్వండి, ప్రభుత్వం డబ్బు వచ్చాక కాలేజీ తిరిగిచ్చేలా రాయించుకోండి, ఆ సొమ్ముతో మరో పిల్లను చేర్చండి. పది మంది కలిసి లక్ష రూపాయలతో ఇలాంటి నిధి పెడితే ఏటా అదే లక్ష తిరుగుతూ ఉంటుంది.

కొద్ది డబ్బుతో ఎక్కువ జరిగే చోటు

ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మేధాశక్తి ప్రశ్నలు 90, పాఠాల మీద ప్రశ్నలు 90. గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. ఒక పిల్లకు అభ్యాస పుస్తకం, దరఖాస్తు, ఆదాయ పత్రం, పరీక్ష రోజు జిల్లా కేంద్రానికి రానుపోను అన్నీ కలిపి వెయ్యికి అటూఇటూ అవుతాయి. ముప్పై మంది పిల్లల మీద మీరు 30 వేలు పెట్టారనుకోండి. అందులో ముగ్గురికి వచ్చినా 1,44,000 ఆ ఊరి ఇళ్లకు వస్తుంది. రానివాళ్లకు కూడా ఆ సాధన ఎక్కడికీ పోదు. నా దృష్టిలో చేతిలో తక్కువ డబ్బున్న దాత చేయగలిగిన వాటిలో ఇదే మొదటిది.

చిక్కంతా కాగితాల్లో ఉంది. పరీక్ష గెలిచిన పిల్ల ఖాతాకు ఆధార్ కలవకపోతే డబ్బు పడదు. ఏటా పోర్టల్లో రెన్యువల్ చేయకపోతే ఆగిపోతుంది. డబ్బివ్వలేనివాళ్లు ఈ పని తీసుకోండి. ఒక మండలంలో గెలిచిన పిల్లల జాబితా పెట్టుకొని, ఏటా వాళ్లందరి రెన్యువల్ అయ్యిందో లేదో చూడటం. పట్నంలో కంప్యూటరు ముందు ఉద్యోగం చేసే వనపర్తి కుర్రవాడు ఒక ఆదివారం కూర్చుంటే తేలే పని.

ఇదే తీరులో, ఐదో తరగతి పిల్లలకు బిజినేపల్లి మండలం వట్టెంలోని నవోదయ ప్రవేశ పరీక్ష ఉంది. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. దరఖాస్తులు సాధారణంగా వానాకాలంలోనే ముగుస్తాయి. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష నాలుగో తరగతి పిల్లలకు, దాని దరఖాస్తులు చలికాలంలో. ఎన్‌ఎంఎంఎస్‌వి దసరాకు అటూఇటూ. ఈ తేదీలు మీ ఫోనులో రాసుకోండి. ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లు లేని పిల్లకు తేదీ గుర్తు చేయడమే సగం సాయం.

లెక్క, మర్యాద

ఏ పిల్లకు ఇవ్వాలో మీరు ఎంచుకోకండి. హెడ్‌మాస్టరును అడగండి, తరగతి టీచరును అడగండి. అడిగే మాట జాగ్రత్తగా అడగండి. ‘బాగా చదివే పేద పిల్ల ఎవరు’ అంటే ఇప్పటికే ముగ్గురు దాతలు పట్టుకున్న పిల్లనే చూపిస్తారు. ‘ఈ నెలలో ఎక్కువ రోజులు రానిది ఎవరు’ అని అడగండి. మధ్యస్థంగా చదివే పిల్లకు ఎవరూ లేరు. అరవై మార్కుల పిల్ల ఇంటర్ దాటి నర్సు అయితే ఆ ఇంటి తలరాత మారుతుంది.

వేదిక మీద ఇవ్వకండి. ఫ్లెక్సీ మీద పిల్ల ఫొటో వేయకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పదమూడేళ్ల పిల్లకు తోటి పిల్లల ముందు ‘పేద విద్యార్థిని’ అనిపించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. పిల్ల ఇంటికి ఒంటరిగా పోకండి, టీచరుతో కలిసి పోండి. పిల్లకు నేరుగా ఫోన్లు చేయవద్దు. మార్కుల షరతు పెట్టకండి. పెట్టదగ్గ షరతు ఒక్కటే, బడికి రావడం. తప్పిన పిల్లకు సాయం ఆపకండి, పదో తరగతి తప్పిన ఆ వేసవిలో సప్లిమెంటరీ రాయించడానికే మీ డబ్బు అన్నిటికన్నా ఎక్కువ అవసరం.

సంస్థ ద్వారా ఇచ్చేటట్టయితే దాతకు పన్ను మినహాయింపు వచ్చే నమోదు దానికి ఉందా అని చూడండి, రసీదు తీసుకోండి. రెండు వేలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఆ మినహాయింపు వర్తిస్తుంది. పిల్లకు నేరుగా ఇచ్చినదానికి అది లేదు. దాని కోసం ఇవ్వడం మానకండి.

ఒంటరిగా ఇచ్చేవాళ్ల కన్నా బ్యాచ్‌గా ఇచ్చేవాళ్లు ఎక్కువ కాలం నిలబడతారు. ఈ పదేళ్లలో మన జిల్లాల్లో పదో తరగతి బ్యాచుల సమ్మేళనాలు బాగా పెరిగాయి. పాతికేళ్ల తర్వాత కలుస్తారు, టీచర్లకు శాలువాలు కప్పుతారు, బడికి సరస్వతీ విగ్రహమో బీరువానో ఇచ్చి ఇంటికి పోతారు. ఆ రోజే ఇరవై మంది పేర్లు రాసుకోండి. తలా 500 నెలకు. ఏడాదికి 1,20,000. ఒక ఉమ్మడి ఖాతా, ఇద్దరి సంతకాలు, మూడు నెలలకోసారి గ్రూపులో లెక్క. లెక్క చూపించని నిధి రెండో ఏడాదికి పోదు. దుబాయిలోనో డాలస్‌లోనో ఉన్నవాళ్లు డబ్బు వేస్తారు, ఊళ్లో ఉన్న ఇద్దరు బడికి పోయి వస్తారు. ఊళ్లో ఉన్న ఆ ఇద్దరు లేకుండా ఏ నిధీ నడవదు, కాబట్టి ముందు వాళ్లను వెతకండి.

ఈ వారంలోనే మీరు చదువుకున్న బడికి పోండి, పోలేకపోతే ఫోను చేయండి. హెడ్‌మాస్టరును మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఏ నెలలో పిల్లలు తగ్గుతారు, ఆ నెలలో రాని పిల్లలెవరు, వాళ్లను ఆపుతున్న ఖర్చు ఏది. ఆ మూడో జవాబు ఎంత చిన్నదైనా, మీ మొదటి డబ్బు దానికే పెట్టండి.